నీటికుక్క వదలిన గుర్తులు – ఎండ, వాన, నేల



మన తెలుగులో ఒక్కొక్క జంతువు విసర్జనకు ఒక్కొక్క పేరు ఉన్నది. ఆవు, గేదె వేసేది పేడ. గుర్రం, ఏనుగు వేసేది లద్దె. మేక, గొర్రె వేసేవి పెంటికలు. పక్షులు వేసేది రెట్ట. మీ తాతగారినో, అమ్మమ్మగారినో అడిగి చూడండి. పల్లెటూరిలో పెరిగినవారైతే ఈ మాటలన్నీ తడుముకోకుండా చెబుతారు.

“ఛీ, ఇదేం పాఠం!” అని మీలో కొందరు అప్పుడే ముక్కు మూసికొని ఉంటారు. కొంచెం ఓపిక పట్టండి. కంటికి కనిపించని ఒక జంతువు బ్రతికి ఉన్నదా, లేదా అని తెలిసికోవడానికి ఈ విసర్జనే ఆధారం. ఆ జంతువు పేరు నీటికుక్క. దాని మలానికి ఇంగ్లీషులో ప్రత్యేకంగా ‘స్ప్రెయింట్’ అనే పేరున్నది.

నీటికుక్క అంటే ఏమిటి?

పేరులో కుక్క ఉన్నా ఇది కుక్క జాతి కాదు. బ్యాడ్జరు, వీజెల్ అనే జంతువుల కుటుంబానికి చెందినది. బ్రిటన్‌లోని నీటికుక్క తోకతో కలిపి సుమారు ఒక మీటరు పొడవుంటుంది. ఒంటి నిండా దట్టమైన గోధుమరంగు బొచ్చు, పొట్టి కాళ్ళు, బాతుకు ఉన్నట్లు వేళ్ళ మధ్య పలుచని చర్మం ఉంటాయి. చేపలు దీని ముఖ్యాహారం. కప్పలను, క్రేఫిష్ అనే రొయ్య వంటి ప్రాణులను కూడా తింటుంది.

నదులలో ఉండే నీటికుక్క ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది. మనిషి అలికిడి వింటే నీటిలో మునిగిపోతుంది. నది ఒడ్డున పుట్టి పెరిగినవారిలో కూడా దానిని చూడనివారు చాలామంది ఉంటారు. అయితే అది తన గుర్తును మాత్రం అందరికీ కనిపించే చోట వదలి వెళుతుంది. నీటిలో నుంచి పైకి లేచిన పెద్ద రాయి, పడిపోయిన చెట్టు మాను, వంతెన క్రింది అరుగు, రెండు ఏళ్ళు కలిసే చోటు, ఇవి దానికి ఇష్టమైన స్థలాలు. అక్కడ కొద్దికొద్దిగా మలం వేస్తుంది. ఆ వాసన ద్వారా “నేను ఇక్కడ తిరుగుతున్నాను” అని మిగిలిన నీటికుక్కలకు తెలుపుతుంది. అంటే అది వాటి ఉత్తరాల పెట్టె అన్నమాట.

నేను పొరబడిన రోజు

కొన్ని సంవత్సరాల క్రిందట, మార్చి నెలలో, మా తెలుగు తరగతి పిల్లలను ఊరి బయటి ఏటి ఒడ్డుకు తీసికొని వెళ్ళాను. వన్యప్రాణులను గురించి బాగా తెలిసిన ఒక ఆమె మాకు తోడు వచ్చారు. ఆ ఏటి మీద పాత రాతి వంతెన ఒకటి ఉన్నది. దానికి మరమ్మతు చేయబోతున్నారు. నీటికుక్క ఇంకా అక్కడికి వస్తున్నదో లేదో పనివారికి ముందుగా తెలియాలి. వస్తున్నట్లయితే పని చేసే కాలాన్ని, పద్ధతిని మార్చుకోవాలి. ఎందుకంటే ఈ దేశంలో నీటికుక్కను గాని, అది నివసించే చోటును గాని పాడుచేయడం నేరం.

మాకు రెండు ముద్దలు కనిపించాయి. ఒకటి ఆరుబయట, నాచు పట్టిన రాయి మీద ఉన్నది. నల్లగా, తడిగా నిగనిగలాడుతున్నది. రెండవది వంతెన క్రింద, పొడిగా ఉన్న అరుగు మీద ఉన్నది. బూడిదరంగులో, దుమ్ము పట్టినట్లు ఉన్నది.

“మాస్టారూ, వీటిలో ఏది కొత్తది?” అని ఒక అమ్మాయి అడిగింది.

నేను తడుముకోకుండా, “నాచు మీదిది. తడి ఆరలేదు గదా! అది రాత్రి వేసినదే” అన్నాను.

మాతో వచ్చిన ఆమె నవ్వి, “మొన్న రాత్రి నుంచి ఈ ఉదయం దాకా వాన కురిసింది, గుర్తున్నదా?” అని అడిగారు. తరువాత చిన్న పుల్లతో ఆ నల్లని ముద్దను కదిలించి చూపారు. దానిలో జిగురు లేదు. వాసన దాదాపు లేదు. చేప ముళ్ళు, పొలుసులు విడివిడిగా పైకి తేలి ఉన్నాయి. ఆ మెరుపు వాననీటి మెరుపు! పాతదే మళ్ళీ తడిసి కొత్తదానిలాగా కనిపించింది.

వంతెన క్రింది ముద్దను కూడా అలాగే చూశారు. పైన మాత్రం పెంకు కట్టినట్లు ఎండింది. లోపల ఇంకా కొంచెం మెత్తగా ఉన్నది. వాసన వస్తున్నది. ఆ రెండింటిలో అదే కొత్తది.

నేను సిగ్గుపడ్డాను. కాని ఆ రోజు నేర్చుకొన్నది మరచిపోలేదు. తడిగా ఉన్నదంతా కొత్తది కాదు, పొడిగా ఉన్నదంతా పాతది కాదు. ఎందువల్లనో ఇప్పుడు తెలిసికొందాము.

ముద్దలో ఏమేమి ఉంటాయి?

అప్పుడే వేసిన నీటికుక్క మలం నల్లగా గాని, ముదురు ఆకుపచ్చగా గాని ఉంటుంది. తారులాగా జిగురుగా ఉంటుంది. ఆ జిగురులో చేప ముళ్ళు, పొలుసులు, కప్ప ఎముకలు చిక్కుకొని ఉంటాయి. వాసన మనం అనుకొన్నంత చెడ్డది కాదు. చేప వాసనతో కలిసిన ఒక తీపి వాసన. మల్లెపూలు వేసిన తేనీటి వాసనలాగా ఉంటుందని ఈ దేశంలో చాలామంది చెబుతారు. ఇక్కడే మింక్ అనే మరో జంతువు ఉన్నది. దాని మలం మెలితిరిగి, దుర్వాసన కొడుతుంది. కనుక వాసనను బట్టి ఏది ఏ జంతువుదో కూడా తెలిసికోవచ్చు.

ఆ ముద్దలో మూడు రకాల వస్తువులు ఉన్నవని గుర్తుపెట్టుకోండి. మొదటిది నీరు. రెండవది జిగురు. మూడవది ఎముకలు, పొలుసులు. నీరు ఎండకు, గాలికి ఆవిరి అవుతుంది. జిగురు వానకు కరిగిపోతుంది. సూక్ష్మజీవులు దానిని కుళ్ళజేస్తాయి. ఎముకలు, పొలుసులు అన్నిటికన్న ఎక్కువ కాలం నిలుస్తాయి. ముద్ద పాతబడడం అంటే ఈ మూడూ ఒకదాని తరువాత ఒకటి పోవడమే. ముదురు రంగు జిగురులో ఉన్నది. అది పోయినకొద్దీ ముళ్ళ తెలుపు బయటపడుతుంది. అందుకే పాత ముద్ద బూడిదరంగుకు, తరువాత తెలుపుకు తిరుగుతుంది. చివరకు ముట్టుకొంటే పొడిపొడిగా రాలిపోతుంది.

ఆహారం కూడా కొంత తేడా తెస్తుంది. ముళ్ళు ఎక్కువగా ఉన్న ముద్ద విడిపోయినా దాని ఆనవాలు మిగులుతుంది. ముళ్ళు లేక వట్టి జిగురే ఉన్న ముద్దను ఒక పెద్ద వాన జాడ లేకుండా కడిగివేయగలదు.

వాతావరణం చేసే పని

ఎండ, గాలి: మీ ఇంట్లో అమ్మమ్మగారు వడియాలు పెట్టడం చూశారా? మంచి ఎండ కాస్తే వడియం పైభాగం త్వరగా గట్టిపడుతుంది. త్రుంచి చూస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. నీటికుక్క మలం కూడా అంతే. ఎండలో పైన పెంకు కడుతుంది. ఆ పెంకు లోపలి తేమను కొంత కాపాడుతుంది. అందుచేత పైకి పాతదిగా కనిపించేది లోపల కొత్తది కావచ్చు. గాలి బాగా వీచే చోట ఎండ లేకపోయినా ముద్ద త్వరగా ఆరుతుంది. బట్టలు ఆరడం మీకు తెలిసినదే గదా!

వాన: వాన రెండు విధాల మోసం చేస్తుంది. చిరుజల్లు పడితే పాత ముద్ద తడిసి, నల్లబడి, కొత్తదానివలె మెరుస్తుంది. నేను మోసపోయినది ఇక్కడే. పెద్ద వాన పడితే జిగురంతా కొట్టుకొనిపోయి, నిన్న రాత్రి వేసిన ముద్ద కూడా వట్టి ముళ్ళ కుప్పగా మారుతుంది. అప్పుడు కొత్తదే పాతదిగా కనిపిస్తుంది. ఏటికి వరద వస్తే ఒడ్డున ఉన్న రాళ్ళన్నీ మునిగి, గుర్తులన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకొనిపోతాయి.

చలి, మంచు: చలిలో సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. గడ్డకట్టిన ముద్ద చెడిపోకుండా నిలిచి ఉంటుంది. గడ్డకట్టినప్పుడు వాసన కూడా తక్కువగా వస్తుంది. కాని రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్ళీ రాత్రి గడ్డకడుతూ ఉంటే సంగతి వేరు. నీరు మంచుగా మారినప్పుడు వ్యాకోచిస్తుంది. అది ముద్దను లోపలి నుంచి పగులగొడుతుంది. అలా కొన్ని రాత్రులు గడిస్తే ముద్ద చిట్లి రాలిపోతుంది.

తేమతో కూడిన వెచ్చదనం: ఇది ముద్దను త్వరగా కుళ్ళజేస్తుంది. బూజు పడుతుంది. ఈగలు వస్తాయి. పురుగులు, నత్తలు దానిని తింటాయి. వేసవిలో ఏటి ఒడ్డున గడ్డి, కలుపు మొక్కలు ఎత్తుగా పెరుగుతాయి గనుక ఉన్న ముద్దలు కూడా కంటికి కనిపించవు.

నేల చేసే పని

ఇప్పుడు నేల సంగతి చూద్దాము. మన ఊళ్ళలో పేడను పిడకలుగా చేసి గోడకు కొడతారు. గోడ మీది పిడక ఎండ తగిలి, నీరు నిలవక త్వరగా ఎండుతుంది. తడి నేల మీద పడిన పేడ అడుగు వైపు చాలా రోజులు పచ్చిగానే ఉంటుంది. పేడ ఒక్కటే, ఎండ ఒక్కటే. నేల మారింది గనుక ఫలితం మారింది.

బండరాయి: రాయి నీటిని పీల్చదు. ఎండకు వేడెక్కి ముద్దను త్వరగా ఎండబెడుతుంది. ముద్ద రాతికి గట్టిగా అంటుకొంటుంది. అయితే రాయి వాలుగా ఉంటే వాననీరు దానిమీదుగా పారి జిగురును కడుక్కొనిపోతుంది.

నాచు, గడ్డి: ఇవి తేమను పట్టి ఉంచుతాయి. వాటి మీది ముద్ద చాలా కాలం తడిగా ఉంటుంది. తడి చూసి వయస్సు చెబితే ఇక్కడ తప్పక పొరబడతాము. కొంతకాలానికి ముళ్ళు గడ్డి మొదళ్ళలోకి జారిపోతాయి. మరొక విశేషం ఉన్నది. నీటికుక్క ఒకేచోట మాటిమాటికి మలం వేస్తే ఆ ఎరువుకు అక్కడి గడ్డి పచ్చగా ఏపుగా పెరుగుతుంది. కనుక ముద్ద కనిపించకపోయినా, పచ్చని గడ్డి దుబ్బు దాని ఉనికిని తెలుపవచ్చు.

ఇసుక: ఇసుక తడిని పీల్చివేస్తుంది. ముద్ద అడుగు భాగం నుంచి కూడా ఆరుతుంది. పట్టు లేని నేల గనుక ముద్ద త్వరగా విడిపోతుంది. గాలికి ఇసుక కప్పేస్తుంది. సముద్రపు ఒడ్డున అయితే పోటు నీరు వచ్చి తీసికొనిపోతుంది.

బురద: ముద్ద బురదలో కూరుకొని కలిసిపోతుంది. కాని మెత్తని బురదలో కాలిగుర్తులు పడతాయి. ఒక గుర్తు చెరిగితే మరొక గుర్తు మిగులుతుందన్నమాట.

వంతెన క్రింది అరుగు: ఇక్కడ వాన పడదు. ఎండ తగలదు. వరద అంత ఎత్తుకు రాకపోతే ముద్ద నెలల తరబడి ఆకారం చెడకుండా ఉంటుంది. అందువల్ల వంతెన క్రింద ముద్ద కనిపించగానే “నీటికుక్క ఈ వారమే వచ్చింది” అనుకోకూడదు. అది క్రిందటి ఋతువుది కూడా కావచ్చు.

ఒకే రాత్రి, ఒకే నీటికుక్క ఈ ఐదు చోట్లా ఐదు ముద్దలు వేసిందనుకోండి. పది రోజుల తరువాత చూస్తే ఐదూ ఐదు వయస్సులవిగా కనిపిస్తాయి. అందుకే మాతో వచ్చిన ఆమె ఒక మంచి పద్ధతి చెప్పారు. “మొదట గడచిన రోజుల వాతావరణాన్ని గుర్తు చేసికోండి. తరువాత నేలను చూడండి. ఆ పైన ముద్దను చూడండి” అన్నారు. ముద్దలో కూడా తడి ఒక్కటే కాదు, జిగురు, వాసన, రంగు, గట్టితనం అన్నీ కలిపి చూడాలి. అయినా ఖచ్చితంగా చెప్పగల దారి ఒక్కటే. ఒక చోటును మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడాలి. నిన్న లేనిది ఇవాళ ఉంటే అది నిన్నటికి ఇవాళ్టికి మధ్య వేసినదే గదా!

దీనివల్ల ఏమి ప్రయోజనం?

ఇంగ్లండులో నీటికుక్కలు ఒకప్పుడు విస్తారంగా ఉండేవి. 1950వ దశకం చివరి భాగం నుంచి వాటి సంఖ్య వేగంగా తగ్గిపోయింది. చానిన్, జెఫరీస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పాత వేట లెక్కలను పరిశీలించి 1978లో దీనికి కారణం వివరించారు. పొలాలలో విత్తనాలకు పట్టించిన, గొర్రెలను ముంచే నీటిలో కలిపిన డీల్డ్రిన్ వంటి పురుగు మందులు ఏళ్ళలోకి చేరాయి. అక్కడి నుంచి చేపలలోకి, చేపల నుంచి నీటికుక్కలలోకి ఆ విషం చేరింది.

1977 నుంచి 1979 వరకు ఇంగ్లండు అంతటా నీటికుక్కల గుర్తుల కోసం వెదికారు. 2,940 చోట్ల చూస్తే 170 చోట్ల మాత్రమే గుర్తులు దొరికాయి. అంటే నూటికి ఆరు చోట్ల కూడా లేవు. అంతకుముందే ఆ మందుల వాడకాన్ని తగ్గించారు. 1978 నుంచి నీటికుక్కను చంపడం చట్టవిరుద్ధం చేశారు. నదులను శుభ్రపరచారు. 2009–10లో మళ్ళీ వెదికినప్పుడు నూటికి దాదాపు 59 చోట్ల గుర్తులు కనిపించాయి. 2011 నాటికి ఇంగ్లండులోని ప్రతి కౌంటీలోను నీటికుక్క జాడ తెలిసింది.

ఇంత పెద్ద శుభవార్త దేని ఆధారంగా తెలిసింది? ముఖ్యంగా ఈ మలం ఆధారంగానే. అందుకే దాని వయస్సు గురించి ఇంత జాగ్రత్త. పెద్ద వాన, వరద వచ్చిన మరునాడు వెదికి, “గుర్తులు లేవు, నీటికుక్క లేదు” అని వ్రాస్తే అది తప్పు లెక్క అవుతుంది. అందుచేత వెదికేవారు వరద తగ్గి కొన్ని రోజులు గడిచే దాకా ఆగుతారు. ఇక ముద్దలు ఎక్కువ ఉంటే నీటికుక్కలు ఎక్కువ ఉన్నట్లేనా? అదీ కాదు. హాన్స్ క్రూక్ అనే శాస్త్రజ్ఞుడు స్కాట్లండుకు ఉత్తరాన ఉన్న షెట్లండు దీవులలో పరిశీలించి, చలికాలంలో కంటె వేసవిలో ఒడ్డున ముద్దలు చాలా తక్కువగా ఉంటాయని చూపారు. జంతువులు తగ్గలేదు, వాటి అలవాటు మారింది.

నేడు ముద్ద నుంచి డి.ఎన్.ఎ. తీసి, అది ఏ నీటికుక్కదో, మగదో ఆడదో కూడా చెప్పగలుగుతున్నారు. వేడి, ఎండ, తేమ డి.ఎన్.ఎ.ను పాడుచేస్తాయి. కనుక రాత్రి వేసిన ముద్దను తెల్లవారగానే, ఎండ ఎక్కకముందే సేకరిస్తారు. కొత్తదానికి పాతదానికి తేడా తెలియనివారు ఈ పనిలో శ్రమంతా వృథా చేసికొంటారు.

మన ఆంధ్రదేశంలో కూడా నీటికుక్కలు ఉన్నాయి. కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరింగ అభయారణ్యం ఉన్నది. అక్కడి మడ అడవులలో నున్నని బొచ్చు గల మరొక జాతి నీటికుక్కలు గుంపులుగా తిరుగుతాయి. మడ అడవిలోకి రోజూ సముద్రపు పోటు వస్తుంది. పోటు నీరు అందే చోట వేసిన గుర్తు మళ్ళీ పోటు వచ్చేదాకానే ఉంటుంది. అందని గట్టు మీద అయితే నిలుస్తుంది. చూశారా, దేశం మారినా సూత్రం మారలేదు!

వంతెన కథ ముగింపు

వారం రోజులు వాన లేదు. మళ్ళీ అదే చోటికి వెళ్ళాము. నాచు మీది నల్లని ముద్ద ఇప్పుడు తెల్లని ముళ్ళ పొడిగా మారింది. వంతెన క్రింది ముద్ద దాదాపు అలాగే ఉన్నది. దానికి జానెడు దూరంలో మరొకటి కనిపించింది. నల్లగా, జిగురుగా, ఘాటైన వాసనతో ఉన్నది. ఆ వారమంతా వాన లేదు, వంతెన క్రింద వాన పడదు. క్రిందటిసారి అది అక్కడ లేదు. ఇక సందేహం ఎందుకు?

“మాస్టారూ, ఈసారి ఏది కొత్తది?” అని అదే అమ్మాయి నవ్వుతూ అడిగింది.

“నువ్వే చెప్పమ్మా” అన్నాను. ఆమె సరిగా చెప్పింది, కారణాలతో సహా.

మాతో వచ్చిన ఆమె తన పుస్తకంలో తేదీ, చోటు, వాతావరణం వ్రాసికొన్నారు. పని మొదలు పెట్టకముందే వంతెన పనివారికి ఆ సంగతి తెలియజేశారు.

మీరే చేసి చూడండి

నిజమైన మలాన్ని తాకకూడదు. దానిలో రోగక్రిములు ఉండవచ్చు. పైగా అది నీటికుక్కల ఉత్తరం, దానిని తీసివేయకూడదు. ఏటి ఒడ్డుకు పెద్దవారు లేకుండా ఎన్నడూ వెళ్ళకూడదు. ఈ ప్రయోగం మీ ఇంటి పెరటిలోనే చేయవచ్చు.

తడి మట్టిలో నలగగొట్టిన గ్రుడ్డుపెంకు కలిపి నిమ్మకాయంత ముద్దలు ఐదు చేయండి. అన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. ఒకదానిని రాతి మీద, ఒకదానిని గడ్డిలో, ఒకదానిని ఇసుకలో, ఒకదానిని చెక్క మీద, ఒకదానిని వాన పడని చూరు క్రింద పెట్టండి. పదిహేను రోజులు ప్రతి ఉదయం చూసి తేదీ, వాతావరణం, రంగు, తడి, పగుళ్ళు తెలుగులో వ్రాయండి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్నలు

1. పేడ, లద్దె, పెంటికలు, రెట్ట – ఇవి ఏయే జంతువులకు సంబంధించినవి?
2. ముద్ద పాతబడినకొద్దీ తెల్లబడడానికి కారణమేమి?
3. వాన ఏ రెండు విధాల మనలను మోసం చేస్తుంది?
4. వంతెన క్రింది ముద్దను చూసి వెంటనే ఎందుకు నిర్ణయానికి రాకూడదు?
5. “గుర్తు కనిపించలేదు కనుక జంతువు లేదు” అనడం సరియైనదేనా? మీ మాటలలో ఐదు వాక్యాలు వ్రాయండి.